అర్ధరాత్రి గల్లాపెట్టె దగ్గర

చిల్లర వర్తకం గురించి మన కామర్సు పుస్తకాల్లో సరుకు నిల్వ, అరువు, లాభాల శాతం అన్నీ ఉంటాయి. గల్లాపెట్టె వెనక నిలబడే గుమాస్తా ప్రాణం సంగతి మాత్రం కనపడదు. అమెరికాలో తెల్లవార్లూ తెరిచి ఉండే కొట్లు, పెట్రోలు బంకు దుకాణాలు వేలకొద్దీ ఉన్నాయి. చదువుకోడానికి వెళ్ళిన తెలుగు విద్యార్థులు కొందరు వాటిలో పనిచేస్తున్నారు. దుండగుల తుపాకులకు బలైనవారూ ఉన్నారు. అందుకే ఈ విషయాన్ని పరిశీలించదలచాను.

అక్కడి ప్రభుత్వ వృత్తిభద్రతా పరిశోధన సంస్థ 1996లో ఒక నివేదిక వెలువరించింది. జనంతో డబ్బు లావాదేవీ, ఒంటరి పని, అర్ధరాత్రి వేళ, నేరాలు ఎక్కువైన పేట, విలువైన సొత్తుకు కాపలా: ఇవీ అది చూపిన ప్రమాద కారణాల్లో ముఖ్యమైనవి. రాత్రి గుమాస్తా దగ్గర ఇవన్నీ ఒకేచోట కలుస్తాయి. అతని ధైర్యం, పిరికితనం ప్రసక్తే ఇందులో లేదని గమనించండి. దొంగ లోపలికి రాకముందే, కొట్టు అమరికలోనే సగం వ్యవహారం తేలిపోతుంది.

ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్ అనే విశ్వవిద్యాలయ పట్టణం ఈ సూత్రాన్ని ముందే పట్టుకుంది. 1980ల నడుమ అక్కడి నగరపాలకులు రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 4 దాకా కొట్టులో ఇద్దరు గుమాస్తాలు ఉండి తీరాలన్నారు. దోపిడీలు తగ్గాయి. కారణం ఇద్దరు మనుషులు కాదు, దొంగలు పట్టుబడటమేనని వ్యాపారుల పక్షం వాదించింది. జీతం బరువు మీదపడే వాళ్ళు అలా అనడంలో వింతేముంది?

1992 నాటి ఫ్లోరిడా రాష్ట్ర చట్టం ప్రకారం గల్లాలో 50 డాలర్లకు మించి లేదని గుమ్మం దగ్గర బోర్డు పెట్టాలి. మిగతా డబ్బు గుమాస్తా తెరవలేని ఇనప్పెట్టెలోకి జారవిడవాలి. వీధిలోవాళ్ళకు లోపల కనపడేట్టు అద్దాల మీద ప్రకటనలు అడ్డం రాకూడదు. పారిపోయేవాడి ఎత్తు చెప్పగలిగేలా తలుపు పక్కన కొలత గీతలుండాలి. ఇంతవరకు బాగానే ఉంది. కాని రెండో మనిషి, కాపలాదారు, తూటాలు దూరని అద్దపు గది వంటివాటిలో ఏదో ఒకటి పెట్టాలన్న నిబంధన ఆ కొట్టులో హత్యో దోపిడీయో జరిగాకే వర్తిస్తుంది! మొదటి గుమాస్తా చేసిన పాపమేమిటో నాకు బోధపడలేదు.

మనవాళ్ళకు ఇంకో చిక్కుంది. విద్యార్థి వీసా మీదున్నవారు అనుమతి లేకుండా క్యాంపస్ బయట జీతానికి పనిచెయ్యకూడదు. దొంగచాటుగా చేసే కుర్రాడి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. రెండో మనిషిని పెట్టమని అడగలేడు. దెబ్బ తగిలినా పోలీసుల దగ్గరికి పోవడానికి జంకుతాడు. చదువు సాగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల దాకా పనిచేసే వీలుంది. డబ్బు తక్కువొచ్చినా వెళ్ళబోయే మిత్రులు ముందు దాన్నే వెతుక్కోవడం మంచిదని నా అభిప్రాయం.