మన పొలం మ్యాప్‌ని మన వెబ్‌సైట్‌లో పెట్టుకోవడం ఎలా?

రియల్ ఎస్టేట్ వాళ్ళ వెబ్‌సైట్ తెరిస్తే ముందు మ్యాపే కనిపిస్తుంది. మందులు కొట్టని మిరప నేరుగా అమ్ముకునే మనకి అది ఇంకా అవసరం. కొనేవాళ్ళు పంట ఎక్కడ పండిందో చూడాలనుకుంటారు. మాది ఈపూరు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయినా, పాత అడ్రసుల్లో గుంటూరు జిల్లా అనే ఉంటుంది. మ్యాప్ ఉంటే ఆ తికమక ఉండదు.

1. కంప్యూటర్‌లో గూగుల్ మై మ్యాప్స్ తెరిచి కొత్త మ్యాప్ మొదలుపెట్టండి. ఇది ఉచితం.

2. బేస్ మ్యాప్‌లో శాటిలైట్ ఎంచుకుని, పొలం గట్ల వెంట గీత గీయండి.

3. బోరు, ఆవుల కొట్టం, జీవామృతం డ్రమ్ములు, పక్క చేలో కొట్టే మందు మన మీద పడకుండా వేసిన జొన్న సాళ్ళు, వీటికి గుర్తులు పెట్టి ఫొటోనో వీడియోనో జత చేయండి.

4. షేర్‌లో, లింక్ ఉన్నవాళ్ళెవరైనా చూసేలా మార్చండి. లేకపోతే సైట్‌లో మ్యాప్ రాదు.

5. మ్యాప్ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి, ఎంబెడ్ ఆన్ మై సైట్‌లో వచ్చిన కోడ్‌ని మీ పేజీలోని హెచ్‌టీఎంఎల్ బ్లాక్‌లో పేస్ట్ చేయండి. విడ్త్ అన్నచోట అంకె తీసి 100% పెడితే ఫోన్‌లోనూ సరిపోతుంది.

రెండు మాటలు గుర్తుంచుకోండి. మనం గీసిన గీత సర్వే హద్దు కాదు. గట్టు తగాదా వస్తే సర్వేయర్ కొలతే లెక్క. అలాగే మ్యాప్ పొలం ఎక్కడుందో చెబుతుంది గానీ, మందు కొట్టలేదని రుజువు చేయదు. అందుకే గేటు దగ్గర కూడా ఒక గుర్తు పెట్టి, వచ్చి చూడమనండి.

ఎక్కడ ఏది నొక్కాలో వీడియోలో చూపించాను, చూడండి.