వాగును చిన్నచూపు చూడొద్దు

పుట్టి పెరిగింది బెజవాడలోనే. ఊరు నాలుగు దిక్కులా విస్తరించడం కళ్లారా చూశాను. ఇక్కడ కొత్తగా ఇల్లు కట్టుకునే పిల్లలకు నేను చెప్పే మాటలివి.

1. ఏటికి ఎంత భయపడతారో, వాగుకూ అంతే భయపడండి.
2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో బ్యారేజీ మొదలయ్యాక అంత నీరు ఎన్నడూ రాలేదు. అయినా నది ఒడ్డునున్న కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాచింది. సింగ్ నగర్‌ను ముంచింది మాత్రం బుడమేరు వాగు. జనం రోజుల తరబడి డాబాల మీదే తాగునీటి కోసం ఎదురుచూశారు.

2. వాగు దారి మొదలూ చివరా తెలుసుకోండి.
బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరు సరస్సుకు చేరుతుంది. వెలగలేరు దగ్గర దాని వరదను డైవర్షన్ కాలువలోకి మళ్లించి, బ్యారేజీ ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణ నిండుగా ఉంటే ఆ నీరు అందులో దిగదు, వెనక్కి తన్నుతుంది. 2024లో రెండూ ఒకేసారి పొంగాయి. కాలువ కట్టకు గండ్లు పడ్డాయి.

3. ఎండాకాలంలో చూసి స్థలం కొనొద్దు.
వానలు దంచేటప్పుడు వెళ్లి చూడండి. నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో అక్కడి పాత కాపురస్తుల్ని అడగండి. 2005లోనూ బుడమేరు ఊళ్లోకొచ్చింది. ఆ సంగతి తెలియనివాళ్లే తర్వాత అక్కడ కష్టార్జితం పోసి ఇళ్లు కొన్నారు.

4. కొల్లేరు బాగుంటేనే బెజవాడ బాగుంటుంది.
బుడమేరు చేరే కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలో పడాలి. చేపల చెరువుల గట్లు అడ్డమొచ్చినా, ఉప్పుటేరు పూడినా ముంపు తగ్గడానికి రోజులు పడతాయి. 2006లో ప్రభుత్వం గట్లు కొట్టించింది. తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి.

5. కాలువలో చెత్త వేయొద్దు, వేయనివ్వొద్దు.
ఏలూరు, బందరు, రైవస్ కాలువలు మన ఇళ్ల మధ్య నుంచే డెల్టాకు వెళ్తాయి. దిగువ పల్లెల్లో మంచినీటి చెరువులు నింపుకునేది ఆ నీటితోనే. మనం వదిలిన మురుగు వాళ్ల బిందెల్లోకి చేరుతుంది.

6. వరద గురించి ఎండల్లోనే అడగండి.
పూడిక తీశారా, కట్టలు గట్టిపరిచారా, వాగులో ఆక్రమణలు తీయించారా అని ఏప్రిల్‌లోనే కార్పొరేటర్‌నీ ఇంజినీర్లనూ నిలదీయండి. ఒక్కరు అడిగితే అర్జీగానే మిగులుతుంది, వీధంతా కలిసి వెళ్తే పని మొదలవుతుంది. పనయ్యేదాకా తిరుగుతూనే ఉండండి.