మన పొలముల ఎలుకలు: జాతులు, నివాసములు

వరి పొట్టమీదికి వచ్చిన తరువాత గట్టుపై నిలిచి చూచు రైతునకు చేను నిండుగనే కనిపించును. మడిలోనికి దిగి చూచినగాని నడిమిభాగమున పిలకలు తెగిపడియున్న సంగతి తెలియదు. ఎలుకలు తరచుగా అంచును విడిచి మడి నడుమ కొరుకుటయే ఇందుకు కారణము. గ్రామములలో ఈ నష్టమును గూర్చి "ఎలుకలు పడినవి" అని ఒక్కమాటతో ముగింతురు. కాని మన పొలములలో తిరుగునవి ఒక్క జాతివి కావు. ఏ నేలలో ఏ జాతి యున్నదో తెలియక చేయు ప్రయత్నమువలన ధనము ఖర్చగునే కాని పైరు దక్కదు. కావున పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన ముఖ్యవిషయములను ఇచ్చట వివరించుచున్నాము.

పేరు ఒకటి, జాతులు వేరు

ఇంగ్లండు మొదలు జపాను వరకు పైరులలో నివసించు ఒక చిట్టెలుక కలదు. దాని బరువు సుమారు 6 గ్రాములు. తోకతో కాడను చుట్టి పట్టుకొని గోధుమ మొక్కలపై ఎగబ్రాకును; గడ్డిపోచలను అల్లి బంతివంటి గూడు కట్టును. శాస్త్రజ్ఞులు దీనిని మైక్రోమిస్ అందురు. భారతదేశమున ఇది ఈశాన్య ప్రాంతముననే కలదు. మన వైపున లేదు. అమెరికా ఖండములలో అదే పేరుతో పిలువబడు చిట్టెలుకలు ఇరువదికి పైగా జాతులున్నవి కాని, అవి వేరొక వంశమునకు చెందినవి. వానిలో ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు ఉప్పు చిత్తడులలో తప్ప మరెచ్చటను లేదు. అంతరించు ప్రమాదమున్నందున 1970 నుండి దానికి ప్రభుత్వ రక్షణ కల్పింపబడినది. కనుక ఎలుకలన్నిటిని ఒక్క గాటను కట్టరాదు. జాతిని బట్టి నేల, నేలను బట్టి నడవడి మారును.

మన నేలలు, మన జాతులు

మాగాణి భూములలో ప్రధానశత్రువు చిన్నజాతి పందికొక్కు. దీని బొచ్చు ముతక. తోక శరీరముకంటె పొట్టి. ఇది బాగుగ ఈదగలదు. బొరియ వాకిట మట్టిని కుప్పగా పోసి, ద్వారమును మట్టితోనే మూసివేయును. వెన్నులను కొరికి తీసికొనిపోయి లోపలి అరలలో నిలువచేయుట దీని అలవాటు. అందుచేత ఇది తినుదానికంటె నష్టపరచునది ఎక్కువ. దీనికంటె పెద్దదైన మరియొక పందికొక్కు ఇండ్లచెంత, గాదెలచెంత, కాలువగట్లలో నివసించును. ఇంగ్లీషువారి "బాండికూట్" అను మాట మన పందికొక్కు నుండి పుట్టినదే.

మెత్తని బొచ్చు, తెల్లని పొట్ట గల పొలపుటెలుక రెండవది. ఇది మెట్టలోను మాగాణిలోను కూడ కలదు. నల్లరేగడి నెఱ్ఱెలలో, రాళ్లకుప్పల క్రింద తలదాచుకొనును.

మూడవది మెట్టపొలముల గెంతుడు ఎలుక. వెనుకకాళ్లు పొడవు, కన్నులు పెద్దవి, తోక చివర నల్లని కుచ్చు ఉండును. ఇసుకపాటి ఎండు నేలలు దీనికి ప్రీతి. వేరుసెనగ, జొన్న, సజ్జ పండు చోట్ల దీనిని గమనింపవలెను.

నాలుగవది చేలగట్లలోని చిట్టెలుక. బరువు సుమారు 10 గ్రాములే. దీని బొరియ చిన్నది. వాకిట కొద్దిపాటి మట్టిపొడి మాత్రముండును. చల్లిన విత్తనమును, పండిన గింజను కూడ తినును.

అందరును ఒకేసారి

పందికొక్కు చూలు మూడు వారములకు మించి ఎక్కువకాలము పట్టదు. ఈతకు ఆరేడు పిల్లలు సామాన్యము. ఒక రైతు తన చేనును శుభ్రపరచుకొన్నను, ప్రక్క చేని ఎలుకలు ఆ ఖాళీ బొరియలను కొలది దినములలోనే ఆక్రమించును. సరిహద్దు రాళ్లు మనకే కాని వానికి లేవు. ఈ పని ఒంటరి రైతుది కాదు, గ్రామముది అని మేము చెప్పుట ఇందుచేతనే. 73వ రాజ్యాంగ సవరణ ద్వారా 1993లో అమలునకు వచ్చిన పదకొండవ షెడ్యూలులోని 29 విషయములలో మొదటిది వ్యవసాయమే యని సభ్యులెఱుగుదురు.

సమయము కూడ ముఖ్యము. పైరు పొట్టకు వచ్చిన పిమ్మట ఎలుకకు చేనినిండ ఆహారమే, ఎరను ముట్టదు. నాట్లకు ముందు, పొలము ఖాళీగానున్నప్పుడు అవి గట్లలో చేరియుండును. అప్పుడే పని సులభము.

మొదట సాయంకాలమున బొరియలన్నిటిని మట్టితో మూయించవలెను. మరునాటి ఉదయమున తెరువబడియున్నవే ఎలుకలున్న బొరియలు. వానిని లెక్కించి వ్రాసికొన్నచో ఖర్చు ఎంతయో తేలును. వెడల్పు గట్లను సన్నము చేయుట, కలుపును తొలగించుట, వెదురుబుట్టలు పెట్టుట, బొరియలో పొగవేయుట మందుకంటె ముందు చేయదగినవి. కోస్తా జిల్లాలలో యానాదులు తరతరములుగ ఈ విద్యలో నేర్పరులు. వారిని పిలిపించి న్యాయమైన కూలి ఇచ్చుట పంచాయతీకి గౌరవము.

జింకు ఫాస్ఫైడు వాడునప్పుడు రెండు దినములు మందులేని ఎరనే పెట్టవలెను. లేనిచో కొంచెము రుచిచూచి బ్రతికిన ఎలుక మరల దానిని తాకదు. ఈ మందునకు విరుగుడు లేదు. కావున వ్యవసాయశాఖ ఉద్యోగి సమక్షముననే కలిపించి, పిల్లలకును పశువులకును అందకుండ చూడవలెను. చచ్చిన ఎలుకలను పాతిపెట్టింపవలెను. ఎలుక మూత్రము కలిసిన నీటిలో గాయపడిన కాలితో దిగినచో ఎలుకజ్వరము సోకవచ్చును. పొలమునుండి వచ్చినవారికి జ్వరము తగిలినయెడల ఆలసింపక వైద్యునికి చూపవలెను.

గుడ్లగూబ అపశకునమని తరుముట, జెర్రిపోతు కనిపించినంతనే చంపుట మన గ్రామములలో పరిపాటి. రాత్రివేళ గుడ్లగూబ, పగటివేళ జెర్రిపోతు కూలి అడుగక పొలమును కాయును. చేలలో గుడ్లగూబ వాలుటకు అక్కడక్కడ కఱ్ఱలు నాటించుడు.

సభ్యులు రాబోవు సమావేశమున మూడు అంశములను చర్చింపవలెనని కోరుచున్నాము: మన గ్రామపు ఏ పొలములలో ఏ జాతి యున్నది? బొరియలను మూసి లెక్కించు దినము ఏది? ప్రక్క గ్రామపంచాయతీ కూడ అదే దినమున పూనుకొనునా? మూడవదానికి సమాధానము దొరకనిదే మొదటి రెండింటి ఫలము నిలువదు. కనుక సరిహద్దు గ్రామమునకు కబురు ముందుగా పంపుడు.