నాజియా హసన్: గానము, విద్య, మాతృత్వము, సేవ

గజల్ అన్నా, కవ్వాలీ అన్నా మన ఇళ్ళలో గౌరవమున్నది. ముషాయిరా జరిగిన రాత్రి పెద్దలు తెల్లవారేవరకు మేలుకొని కూర్చుంటారు. కాని పాప్ సంగీతము అనగానే అదే పెద్దల నొసలు ముడిపడుతుంది. ఆ పాట పాడేది ఒక ఆడపిల్ల అయితే చెప్పనక్కరలేదు. పాటలో పడిన పిల్లకు చదువు సాగదని, చదువుకొన్న పిల్లకు పాట తగదని ఒక అభిప్రాయము మనలో చాలాకాలముగా పాతుకొని ఉన్నది. ఈ అభిప్రాయము ఎంతవరకు నిలుస్తుందో ఒక జీవితమును ఆధారముగా తీసుకొని పరిశీలింపదలచి ఈ వ్యాసము వ్రాస్తున్నాము. ఆ జీవితము పాకిస్తాన్ గాయని నాజియా హసన్‌ది.

ఆమె 1965 ఏప్రిల్ 3వ తేదీన కరాచీ నగరములో జన్మించింది. తండ్రి బసీర్ హసన్ వ్యాపారస్థుడు, తల్లి మునీజా బసీర్ సంఘసేవలో పేరుగన్న మహిళ. బాల్యము కొంత కరాచీలోను, కొంత లండనులోను గడిచింది. పాకిస్తాన్ టెలివిజన్‌లో సంగీత దర్శకుడు సొహైల్ రాణా నిర్వహించిన పిల్లల కార్యక్రమములో ఆమె, తమ్ముడు జొహేబ్ కలిసి పాడేవారు. అప్పటికి అది ఇంటిలోని పిల్లల సరదాయే గాని వృత్తి కాదు.

హిందీ చిత్ర నిర్మాత, నటుడు ఫిరోజ్ ఖాన్ లండనులో ఒక విందులో ఈ బాలికను కలిసికొనుటతో కథ మారింది. తన ‘ఖుర్బానీ’ చిత్రము కొరకు ఆయనకు ఒక కొత్త గొంతు కావలసియున్నది. బెంగుళూరులో పెరిగి ఇంగ్లండులో స్థిరపడిన బిడ్డూ అను సంగీత దర్శకుని వద్దకు వెళ్ళి ఒకసారి పాడి చూపమని ఆయన ఆమెను కోరాడు. 1974లో ప్రపంచమంతటా మారుమ్రోగిన ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ పాటను రూపొందించినది ఈ బిడ్డూయే. ఆ విధముగా ‘ఆప్ జైసా కోయీ’ లండనులో రికార్డు అయినది. చిత్రములోని తక్కిన పాటలకు స్వరకర్తలు కళ్యాణ్‌జీ ఆనంద్‌జీలు. ఈ ఒక్క పాట మాత్రము బిడ్డూది.

ఈ పాటను కొంచెము నిలిచి వినవలసియున్నది. ఆనాటి హిందీ చిత్రగీతాలలో వయొలిన్ల బృందము, తబలా, ఢోలక్, మధ్యమధ్య వేణువు సాధారణము. గాయని కంఠము పై స్థాయికి సులభముగా ఎగిరిపోయేది. ఇక్కడ అవేవీ ముఖ్యము కావు. డ్రమ్ముల దరువు గడియారపు ముల్లువలె తప్పక నడుస్తుంది. దానిమీద బాస్ గిటారు, దానిమీద ఆ లేత గొంతు. ఆ కంఠమునకు విస్తారము తక్కువ, కొంచెము ముక్కుతో పలికే గుణము కూడ ఉన్నది. శాస్త్రీయ సంగీతము అభ్యసించినవారు ఈ లోపములను ఎత్తిచూపక మానరు, వారు చెప్పినది అసత్యము కాదు. అయితే లతా మంగేష్కర్‌నో, ఆశా భోంస్లేనో అనుకరించుటకు ఆ బాలిక ఎక్కడా ప్రయత్నింపలేదు. తనకున్న గొంతుతో, తెలిసిన తేలిక ఉర్దూ మాటలతో, సూటిగా పాడింది. మా దృష్టిలో ఆ పాట నిలిచిపోవుటకు అదియే ప్రధాన కారణము.

1980లో చిత్రము విడుదలైన తరువాత ఆ పాట రెండు దేశాలలోను పెళ్ళి పందిళ్ళకు, హోటళ్ళకు, రేడియోలకు ప్రాకిపోయింది. 1981లో ఆమెకు ఉత్తమ నేపథ్య గాయనిగా ఫిలింఫేర్ బహుమతి లభించింది. అప్పటికి ఆమె వయస్సు 15 సంవత్సరములు! ఆ బహుమతి పొందిన మొదటి పాకిస్తాన్ పౌరురాలు ఆమెయే. రెండు ప్రభుత్వముల మధ్య సఖ్యత అంతంతమాత్రముగా ఉన్న ఆ దినములలో ఒక పాఠశాల బాలిక గొంతు సరిహద్దు దాటి వచ్చి మన బహుమతి తీసుకొని వెళ్ళినది.

అదే సంవత్సరము వచ్చిన ‘డిస్కో దీవానే’ మరియొక విధముగా ముఖ్యమైనది. చిత్రగీతములో గాయని మరొకరి పెదవులకు గొంతు అరువిస్తుంది. తెర మీద కనిపించేది కథానాయిక. ఈ రికార్డులో చిత్రము లేదు, కథానాయిక లేదు. అక్కాతమ్ముల పేర్లు, వారి ముఖములు, వారి పాటలు మాత్రమే. సినిమా అండ లేకుండ హిందీ ఉర్దూ భాషలలో పాప్ సంగీతము లక్షలమందిని చేరగలదని దానితో రుజువైనది. తరువాత 1982లో ‘స్టార్’ చిత్రపు పాటలు, 1984లో ‘యంగ్ తరంగ్’, 1987లో ‘హాట్‌లైన్’, 1992లో ‘కెమెరా కెమెరా’ వెలువడినవి. ‘స్టార్’ చిత్రము ఆడలేదు గాని పాటలు బాగుగానే అమ్ముడుపోయినవి.

స్వదేశములో ఆమెకు మార్గము సుగమముగా లేదు. అది జనరల్ జియా ఉల్ హఖ్ పరిపాలనాకాలము. ఈ అక్కాతమ్ములు పాడుచుండగా కాళ్ళు కదులుట కనిపించకుండ, నడుము పైభాగము మాత్రమే టెలివిజన్‌లో చూపించారన్నది ప్రసిద్ధమైన విషయము. నేడు వింటే నవ్వు వస్తుంది. ఆ వయస్సు పిల్లకు ఆనాడు నవ్వు వచ్చియుండదు.

ఇక చదువు సంగతి. మా విద్యార్థినులు శ్రద్ధగా గమనింపవలసిన భాగము ఇదియే. ‘స్టార్’ చిత్రములో నటించమని వచ్చిన అవకాశమును ఆమె వద్దన్నది. పేరు ఉచ్చస్థితిలో ఉన్న కాలములోనే లండనులోని రిచ్మండ్ విశ్వవిద్యాలయములో వ్యాపార నిర్వహణ, అర్థశాస్త్రములు చదివి పట్టా పొందింది. పిమ్మట లండన్ విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్ర పట్టా తీసుకొన్నది. అనంతరము న్యూయార్కులో ఐక్యరాజ్యసమితిలో, భద్రతా సమితికి సంబంధించిన విభాగములో పనిచేసింది. రికార్డుకూ రికార్డుకూ నడుమ రెండు మూడేండ్లు, ఒక్కొక్కప్పుడు అయిదేండ్లు గడచుట పై సంవత్సరములను చూస్తే తెలుస్తుంది. వ్యాపార దృష్టితో చూచువారికి అది నష్టమే. ఆమె ఆ నష్టమును భరించింది.

బిడ్డూ ‘మేడ్ ఇన్ ఇండియా’ పాటను మొదట ఆమెకే ఇవ్వజూపగా, తన దేశీయుల మనస్సు నొచ్చుకొనునేమోనని ఆమె నిరాకరించిందని చెప్పుకొందురు. 1995లో దానిని అలీషా చినాయ్ పాడగా ఎంత ప్రచారము పొందినదో అందరికీ తెలిసినదే.

సేవాకార్యము ఆమెకు తల్లినుండి వచ్చిన అలవాటు. కరాచీ పేదవాడలలోని పిల్లల కొరకు, కష్టాలలో ఉన్న స్త్రీల కొరకు ఆమె పనిచేసింది. పాఠశాలలకు పోయి పేద పిల్లలకు ఆటబొమ్మలు పంచిపెట్టేది. మన దేశములోని ఇన్నర్ వీల్ క్లబ్బుకు నిధులు సేకరించుటలోను తోడ్పడినది. యువకులలో మాదకద్రవ్యముల వ్యసనము ప్రబలుచుండగా దానిని ఎదిరించుటకు ‘బ్యాన్’ అను సంస్థను స్థాపించింది. చివరి రికార్డు ‘కెమెరా కెమెరా’ ఈ ఉద్యమముతో ముడిపడినదే. అంతకుముందువలె అది విజయము పొందలేదు. దాని తరువాత అక్కాతమ్ములు పాటకు స్వస్తి చెప్పారు.

1995 మార్చిలో ఆమెకు వివాహమైనది, 1997లో కుమారుడు కలిగినాడు. వివాహము సుఖముగా సాగలేదని కుటుంబమువారు బహిరంగముగనే చెప్పియున్నారు. ఆ వివాదములలోనికి పోవుట మా పని కాదు. పసివానిని పెంచుకొనుచున్న ఆ సంవత్సరములలోనే ఆమె కాన్సర్ వ్యాధితో పోరాడినది. ఊపిరితిత్తుల కాన్సరుతో 2000 ఆగస్టు 13న లండనులో, 35 ఏండ్ల వయస్సులో మరణించింది. బాబుకు అప్పటికి మూడేండ్లు. తల్లిగా ఆమెకు దొరికిన కాలము అంత మాత్రమే. చదువు, పాట, సేవ ఆమె స్వయముగా ఎన్నుకొని ఒకదానికొకటి సర్దుకొన్నది; ఇక్కడ ఎన్నుకొనే అవకాశము ఆమె చేతిలో లేకపోయింది. ఈ జీవితమును గూర్చి వ్రాసేటప్పుడు మాకు కలము ఆగిన చోటు ఇదొక్కటే.

లండనులోని హెండన్ శ్మశానవాటికలో ఆమెను ఖననము చేశారు. 2002లో పాకిస్తాన్ ప్రభుత్వము ప్రకటించిన ‘ప్రైడ్ ఆఫ్ పర్ఫార్మెన్స్’ గౌరవమును ఆమె తల్లి స్వీకరించింది. మరుసటి సంవత్సరము తల్లిదండ్రులు ఆమె పేరిట ఒక ధర్మసంస్థను నెలకొల్పి, వీధులలో పనిచేసుకొని బ్రతికే పిల్లల చదువును దాని ఆశయాలలో ఒకటిగా పెట్టుకొన్నారు.