బిల్లు కట్టాక మన బాధ్యత తీరిందా?
వైద్య, దంతవైద్య నిర్లక్ష్యం: చట్టం చూపే దారులు



మీరు ఇచ్చే జకాత్, సదఖాలలో కొంత భాగం ఏటా రోగుల ఆసుపత్రి బిల్లులకు వెళుతుంది. హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలోని అద్దాల మేడల్లో పనిచేసేవారంతా పెద్ద జీతగాళ్లు కారు. అవే మేడలు ఊడ్చేవారు, కాపలా కాసేవారు, క్యాబ్ నడిపేవారు, కట్టడం పని చేసేవారు కూడా అక్కడే ఉన్నారు. ఇంట్లో ఒకరికి ఆపరేషన్ అంటే వారు మన సంఘాల తలుపు తడతారు. మనం బిల్లు కడతాం. అయితే ఆ చికిత్సలోనే తప్పు జరిగి మనిషి మంచాన పడితే ఆ ఇంటికి తోడెవరు? ఈ వ్యాసంలో మనం నేర్చుకోబోయే పాఠం అదే.

ఏది నిర్లక్ష్యం, ఏది కాదు

జబ్బు నయం కాకపోవడం, రోగి చనిపోవడం దానంతట అదే నిర్లక్ష్యం కాదు. ప్రాణం అల్లాహ్ చేతిలో ఉంది, వైద్యుడు చేయగలిగింది ప్రయత్నమే. అలాంటి పరిస్థితిలో ఒక మామూలు వైద్యుడు తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోలేదని, దానివల్లనే హాని కలిగిందని రెండూ చూపగలిగితేనే అది నిర్లక్ష్యం. వైద్యం తెలియకుండా వైద్యానికి దిగినవాడు జరిగిన నష్టానికి జవాబుదారీ అనే భావం గల హదీసు అబూదావూద్, ఇబ్నెమాజా గ్రంథాలలో ఉంది. అంటే వైద్యుణ్ణి గౌరవించడం, ఆయనను లెక్క అడగడం ఒకదానికొకటి విరుద్ధం కావు.

క్రిమినల్ కేసుకు కొలత ఇంకా కఠినం. తప్పు చాలా తీవ్రమైనది అయితేనే అది నేరమవుతుందని, ముందుగా మరో సమర్థుడైన వైద్యుని అభిప్రాయం తీసుకోవాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే నష్టపరిహారం కోరే కుటుంబానికి పోలీస్ స్టేషన్ కన్నా వినియోగదారుల కమిషన్ దగ్గరి దారి.

మన నగరం నేర్పిన రెండు పాఠాలు

మొదటిది నిమ్స్ కేసు. 1990లో 20 ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థికి ఛాతీలోని గడ్డకు అక్కడ ఆపరేషన్ చేశారు. తర్వాత నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. అంగీకారం తీసుకున్నది పరీక్ష కోసం ముక్క తీయడానికి, చేసింది మాత్రం గడ్డ మొత్తం తొలగించడం. వెన్నుకు దగ్గరగా ఉన్న ఆ గడ్డ విషయంలో న్యూరోసర్జన్‌ను కలుపుకోలేదు. ఆ యువకుడు చక్రాల కుర్చీలోనే చదువు ముగించి, ఐటీ ఇంజినీరుగా ఉద్యోగం చేస్తూ, సుప్రీంకోర్టులో తన కేసును తానే వాదించుకున్నారు. 2009 మేలో కోర్టు కోటి రూపాయల పరిహారం ఇప్పించింది. అంగీకార పత్రం మీద ఏం రాసి ఉందో చదవకుండా సంతకం పెట్టకూడదన్నది ఇక్కడి పాఠం.

రెండోది నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ కేసు. 2002లో చలిజ్వరంతో చేరిన ఒక గృహిణికి టైఫాయిడ్ అనుకుని వైద్యం చేశారు. ప్రాణం మీదికి వచ్చాక మరో ఆసుపత్రికి తరలించారు. ఆమె బతకలేదు. జబ్బు మలేరియా అని రెండో ఆసుపత్రి వైద్యుని సాక్ష్యంతో తేలింది. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇస్తే, వైద్య నిపుణుని సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది. తప్పు స్పష్టంగా కనిపించే ప్రతి కేసులోనూ నిపుణుని సాక్ష్యం తప్పనిసరి కాదని 2010 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చి, ఆ పరిహారాన్ని నిలబెట్టింది. రెండో ఆసుపత్రి కాగితాలు కూడా జాగ్రత్త చేయాలన్నది ఈ కేసు పాఠం.

బిల్లు మనం కడితే హక్కు ఎవరిది?

ఇది దాతలు ముఖ్యంగా తెలుసుకోవాల్సిన మాట. చట్టం దృష్టిలో డబ్బు కట్టినవారే కాదు, ఆ డబ్బుతో సేవ పొందినవారు కూడా వినియోగదారులే. సంఘం చెక్కు ఇచ్చినా, కంపెనీ బీమా చెల్లించినా, ఫిర్యాదు చేసే హక్కు రోగికి ఉంటుంది. వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొందరి దగ్గర డబ్బు తీసుకునే ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం పొందినవారికీ ఇది వర్తిస్తుంది. జీతంలో ఈఎస్‌ఐ కోత పడే కార్మికులకూ హక్కు ఉందని 2007లో మరో తీర్పు వచ్చింది. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి మాత్రం ఈ చట్టం కిందికి రాదు. అక్కడ సివిల్ కోర్టు, మెడికల్ కౌన్సిల్ వంటి ఇతర దారులు చూడాలి.

దంతవైద్యం చిన్నది కాదు

ఐటీ కారిడార్‌లో దంత క్లినిక్‌లకు కొదవ లేదు. ఇంప్లాంట్లు, అలైనర్లు, స్మైల్ డిజైనింగ్ అంటూ ప్యాకేజీలు అమ్ముతున్నారు. 2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లోని ఒక క్లినిక్‌లో స్మైల్ డిజైనింగ్ కోసం వెళ్లిన యువకుడు మరణించారు. మత్తుమందు ఎక్కువైందని తండ్రి ఆరోపించడంతో పోలీసులు కేసు నమోదు చేశారు. అది ఆరోపణ, నిజం తేల్చాల్సింది న్యాయస్థానం. మనం నేర్చుకోవాల్సింది మాత్రం ఉంది: మత్తు ఇచ్చే దంత చికిత్సకు ఒంటరిగా వెళ్లవద్దు. మత్తు ఎవరు ఇస్తారో అడగండి. వైద్యుడు డెంటల్ కౌన్సిల్‌లో నమోదయ్యారో లేదో చూడండి. చికిత్సకు ముందు, తర్వాత తీసిన ఎక్స్‌రేలు, ఇంప్లాంట్ పెట్టె మీది స్టిక్కర్, రసీదులు దాచుకోండి.

మొదటి వారం, మొదటి కాగితం

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వది, అప్పును రాసిపెట్టుకోవడం గురించి. డబ్బు విషయంలోనే రాత ఇంత ముఖ్యమైతే ప్రాణం విషయంలో ఎంత ముఖ్యమో ఆలోచించండి.

అనుమానం వచ్చిన వెంటనే కేస్‌షీట్ నకలు కోరుతూ ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, మూడేళ్లు భద్రపరచాలి. బిల్లులో తగ్గింపు ఇస్తామని ‘మాకు ఫిర్యాదు లేదు’ అనే కాగితం ముందు పెడితే చదవకుండా సంతకం చేయవద్దు. కోపంతో ఆసుపత్రిపై దాడి చేస్తే 2008 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం అది నేరం, బాధితులే ముద్దాయిలవుతారు.

ఇక అన్నిటికన్నా కష్టమైన మాట. మన ఇళ్లలో జనాజా ఆలస్యం కాకూడదన్న ఆత్రుత సహజం. కానీ మరణ కారణంపై బలమైన అనుమానం ఉండి, పోస్టుమార్టం లేకుండానే ఖననం జరిగితే తర్వాత రుజువు దొరకడం కష్టం. ఖననమయ్యాక దేహాన్ని వెలికి తీయాలంటే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. కాబట్టి ఆ ఘడియలోనే ఉలమాలను, ఒక వకీలును సంప్రదించి కుటుంబం నిర్ణయం తీసుకోవాలి. వారి పక్కన ఆ సమయంలో విషయం తెలిసిన ఒక పెద్దమనిషి ఉండాలి.

ఎక్కడికి వెళ్లాలి?

1. జిల్లా వినియోగదారుల కమిషన్: ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. తాము నివసించే జిల్లాలోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. చికిత్సకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, 50 లక్షల వరకు జిల్లా కమిషనే వింటుంది. వకీలు తప్పనిసరి కాదు. సలహాకు జాతీయ హెల్ప్‌లైన్ 1915.

2. శాశ్వత లోక్ అదాలత్: ఆసుపత్రి సేవ దీని పరిధిలోనే ఉంది. కోర్టుకు వెళ్లకముందే, రుసుము లేకుండా, కోటి రూపాయల వరకు వివాదాన్ని ఇక్కడ పెట్టవచ్చు. రాజీ కుదరకపోతే అదే తీర్పు చెబుతుంది.

3. తెలంగాణ మెడికల్ కౌన్సిల్, డెంటల్ కౌన్సిల్: ఇవి వైద్యుని రిజిస్ట్రేషన్‌పై చర్య తీసుకుంటాయి, పరిహారం ఇప్పించవు.

4. పోలీసులు: తీవ్ర నిర్లక్ష్యంతో మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద రిజిస్టరైన వైద్యునికి రెండేళ్ల వరకు శిక్ష ఉంటుంది.

వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు 15100కు ఫోన్ చేసి న్యాయసేవాధికార సంస్థ సాయం కోరవచ్చు. మహిళలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది.

దాతలకు మనవి

మనం చేయగలిగినవి మూడు. ఒకటి, సంఘం కట్టిన ప్రతి బిల్లు, రసీదు నకలు రోగి చేతికి ఇవ్వాలి, మరో నకలు మన ఫైల్లో ఉండాలి. రెండేళ్ల తర్వాత ఆ ఫైలే సాక్ష్యం కావచ్చు. రెండు, కేస్‌షీట్ చదివి ఉన్నదున్నట్లు చెప్పగల వైద్యులు, వకీళ్లు మన దాతలలోనే ఉన్నారు. వారు నెలకు ఒక పూట కేటాయిస్తే చాలు. నిజంగా తప్పు లేని చోట ‘ఇందులో కేసు లేదు’ అని చెప్పడం కూడా ఆ కుటుంబానికి మేలే. మూడు, నకళ్లకు, రెండో వైద్యుని అభిప్రాయానికి, ప్రయాణాలకు చిన్న నిధి ఉండాలి. జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చా అన్నది ఉలమాలు చెప్పాల్సిన మాట. సదఖా సొమ్ముతో వెంటనే మొదలుపెట్టవచ్చు.

నిమ్స్ కేసు తేలడానికి 19 ఏళ్లు పట్టింది. చదువుకున్న యువకుడు కాబట్టి అన్నేళ్లు నిలబడగలిగారు. అంతకాలం ఒంటరిగా నిలబడలేని కూలి కుటుంబానికి మనం తోడుంటే, ఇన్‌షా అల్లాహ్, మీరిచ్చిన దానం ఆసుపత్రి గుమ్మం దాటి న్యాయస్థానం గుమ్మం దాకా వారి వెంట వెళుతుంది.