టిక్ పెట్టిన కామెంట్‌ని మళ్ళీ తెరిస్తే

మన పత్రిక మొత్తం ఒకే గూగుల్ డాక్‌లో తయారవుతుందని మీలో చాలామందికి తెలుసు. వ్యాసాలు అందులోనే, దిద్దుబాట్లు అందులోనే, వాదనలు కూడా అందులోనే, పక్కన కామెంట్ల రూపంలో. కిందటి సంచిక చివరి రాత్రి ఇంకా 41 కామెంట్లు మిగిలాయి. వాటిని చూసి మూసే పని నాకు అప్పజెప్పారు. ఒక్కోటీ చదివే ఓపిక లేక పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాశాను. అది ఎలా పనిచేస్తుందో, నేను ఎక్కడ తప్పు చేశానో చెప్తాను. కోడింగ్ రానివాళ్ళు కూడా చదవొచ్చు.

టిక్ వెనక ఏం జరుగుతుంది?

డాక్‌లో కామెంట్ మీద టిక్ కొడితే అది 'రిజాల్వ్' అవుతుంది. పక్కన కనిపించడం మానేస్తుంది కానీ చెరిగిపోదు. పైన ఉన్న కామెంట్ల గుర్తు నొక్కితే పాతవి కనిపిస్తాయి. అక్కడే 'రీఓపెన్' కూడా ఉంటుంది.

ఇదే పని ప్రోగ్రామ్‌తో చెయ్యాలంటే గూగుల్ డ్రైవ్ ఏపీఐ వాడాలి. ముందు కామెంట్ల జాబితా అడగాలి. మనం ఏమీ చెప్పకపోతే ఒకసారికి 20 ఇస్తుంది. 100 వరకు అడగొచ్చు. ప్రతి కామెంట్‌కీ 'రిజాల్వ్డ్' అనే ఫీల్డ్ ఉంటుంది. దాన్ని ట్రూ చేసేస్తే సరిపోతుంది అనుకున్నాను. కుదరదు. ఆ ఫీల్డ్‌ని చదవగలం గానీ మార్చలేం. కామెంట్‌ని మూయాలంటే దానికి ఒక రిప్లై పంపాలి. ఆ రిప్లైలో 'యాక్షన్' దగ్గర 'రిజాల్వ్' అని పెట్టాలి. మళ్ళీ తెరవాలంటే ఇంకో రిప్లై, యాక్షన్ 'రీఓపెన్'.

నాకు నచ్చిన విషయం ఇదే. ప్రతి రిప్లైకీ రాసినవాళ్ళ పేరు, టైమ్ ఉంటాయి. అంటే కామెంట్ మూయడం కూడా ఆ చర్చలో ఒక మనిషి అన్న మాటే. "చూశాను, తేలిపోయింది" అని సంతకం పెట్టినట్టు.

మామూలు రిప్లైలో ఏదో ఒకటి రాయక తప్పదు. యాక్షన్ ఉన్న రిప్లైని మాత్రం ఖాళీగా పంపొచ్చు. నేను 41 చోట్లా ఖాళీగానే పంపాను.

బాపమ్మ

ఆ 41లో ఒకటి మా జూనియర్‌ది. వాళ్ళది కరీంనగర్ జిల్లా. తను రాసిన వ్యాసంలో అన్నిచోట్లా 'బాపమ్మ' అని ఉంది. నాది మొదటినుంచీ ఇంగ్లీష్ మీడియం, మా ఇంట్లో 'నానమ్మ' అంటాం. బాపమ్మ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. 'బామ్మ' అని కొట్టబోయి తప్పు కొట్టాడనుకుని ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అన్నీ మార్చేశాను. తను పక్కన కామెంట్ పెట్టాడు: "అన్నా, ఇది తప్పు కాదు. మా దిక్కు బాపు వాళ్ళ అమ్మని బాపమ్మ అంటం. మార్చకు."

స్క్రిప్ట్ దాన్నీ మూసేసింది. సంచిక 'బామ్మ'తోనే వచ్చింది.

వారం తర్వాత క్యాంటీన్‌లో కలిస్తే, ఇంట్లో చూపించావా అని మామూలుగా అడిగాను. "ఇంకా చూపియ్యలే అన్నా. చదివి వినిపిస్తే ఈ బామ్మ ఎవలురా అంటది" అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదంటే, "కామెంట్ పెట్టిన గదా. నువ్వు టిక్ పెట్టినవ్. చదివే పెట్టినవ్ అనుకున్న" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.

మళ్ళీ తెరవడం

ఆ సాయంత్రం రెండో స్క్రిప్ట్ రాశాను. కామెంట్లన్నీ వెతికి, నా పేరుతో, ఆ రాత్రి టైమ్‌లో 'రిజాల్వ్' రిప్లై ఉన్నవాటికి మాత్రమే 'రీఓపెన్' పంపింది. సరిగ్గా 41 తెరుచుకున్నాయి. పేరూ టైమూ లేకపోతే, నెల రోజులుగా అందరూ మూసినవాటిలో నావి ఏవో తెలిసేది కాదు. డిలీట్ చేసి ఉంటే అసలు దారే లేదు, ఎందుకంటే డిలీట్ అయిన కామెంట్‌లో మేటర్ మిగలదు.

ఈసారి అన్నీ చదివాను. 36 నిజంగానే అయిపోయినవి, ఒత్తులు, కామాలు. నాలుగు మేం సరిచెయ్యని తప్పులు. ఒకటి బాపమ్మ. అన్నీ దిద్ది పీడీఎఫ్ మళ్ళీ పెట్టాం.

ఇప్పుడు స్క్రిప్ట్‌లో మూడు మార్పులు చేశాను:

1. కామెంట్‌నీ, అది ఏ మాటల మీద పెట్టారో ఆ మాటల్నీ చూపించి, మూయాలా వద్దా అని అడుగుతుంది.
2. కారణం రాయకపోతే మూయదు.
3. వ్యాసం రాసినవాళ్ళే పెట్టిన కామెంట్ జోలికి వెళ్ళదు. దాన్ని వాళ్ళే మూయాలి.

మూడోది కోడ్‌లో రెండు లైన్లే. బాపమ్మ కామెంట్ కింద "మార్చాను, సారీ రా" అని రాసి వదిలేశాను. రెండు రోజులకి తనే టిక్ పెట్టాడు.

స్క్రిప్ట్ కావాల్సినవాళ్ళు క్లబ్‌లో అడగండి. ఈ వ్యాసం కూడా ఆ డాక్‌లోనే ఉంది. తప్పులుంటే కామెంట్ పెట్టండి. చదివే మూస్తాను.