ఐలమ్మ చేను

తిరువూరు దాటితే ఖమ్మం జిల్లా. ఒకప్పుడు అది నిజాం రాజ్యం. ఆ రాజ్యంలోనే పాలకుర్తి అనే ఊళ్ళో చాకలి ఐలమ్మ ఉండేది. నాలుగెకరాలు కౌలుకు చేసేది. పంట చేతికొచ్చింది. విసునూరు దేశ్‌ముఖ్ ఆ చేను నాదే అన్నాడు. ఐలమ్మ బెదరలేదు. సంఘంలో చేరింది. సంఘంవాళ్ళు కదిలొచ్చారు. ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు.

1946 నుంచి 1951 దాకా తెలంగాణలో రైతులు, కూలీలు పోరాడారు. పేదలకు భూములు పంచారు.

1973లో భూపరిమితి చట్టం వచ్చింది. కుటుంబానికి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు. మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. అంతకు మించిన భూమి పేదలకు పంచాలి.

చట్టం ఒక్కటే చాలదు. అడగడానికి సంఘం ఉండాలి. పట్టా చదవడం రావాలి.

మీ ఇంట్లో పట్టా ఉందా? ఎవరి పేరున ఉంది? చదివి చూడండి.